150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ గ్రావిటీ లేవడం లేదు: సల్ఫేషనా, సెల్ పోయిందా?

ఉదయగిరి శీను

ఇన్వర్టర్ బ్యాటరీ. 12 వోల్టులు, 150 ఏహెచ్ (ఆంపియర్-గంటలు), పొడవు ట్యూబులర్ (పాజిటివ్ ప్లేట్లు గొట్టాల్లా ఉండే రకం), నాలుగేళ్లు దాటింది. రెండు ఫ్యాన్లు, నాలుగు ఎల్ఈడీ లైట్లు, రౌటర్ కలిపి గంట కూడా లాగడం లేదు. ఇన్వర్టర్ మాత్రం ఫుల్ చార్జ్ లైటు వెలిగించేస్తోంది. రాత్రంతా చార్జ్ అయ్యాక తీగలు విప్పి, ఆరు గంటలు వదిలేసి తీసిన కొలతలు ఇవి:

మొత్తం వోల్టేజి: 12.15
గ్రావిటీ (యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చెప్పే సంఖ్య), ఆరు సెల్స్‌కీ పాజిటివ్ వైపు నుంచి వరుసగా: 1.190, 1.195, 1.185, 1.195, 1.145, 1.190
యాసిడ్ వేడి: 37 డిగ్రీలు

నీళ్లు పై గీత కన్నా కొంచెం ఎక్కువే ఉన్నాయి. రంగు తేటగానే ఉంది. ఐదో సెల్ పోయింది, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చెయ్యమని షాపులో అంటున్నారు. పాత యాసిడ్ పారబోసి కొత్తది పోస్తే చాలని ఇంకొకరి మాట. ఎవరి మాట వినాలి?

గ్రావిటీ మాస్టారు

కొలతలన్నీ ఇచ్చి అడిగారు, సగం పని అక్కడే అయింది.

ముందు మీ హైడ్రోమీటరు (గ్రావిటీ కొలిచే గాజు గొట్టం) నిజం చెబుతోందో లేదో చూద్దాం. విశ్రాంతిగా ఉన్న సెల్ వోల్టేజి దాదాపుగా దాని గ్రావిటీకి 0.84 కలిపినంత ఉంటుంది. మీ ఆరు గ్రావిటీలు కూడితే 7.100. ఆరు సార్లు 0.84 అంటే 5.04. మొత్తం 12.14. మీటరు 12.15 చూపించింది కాబట్టి రెండు పనిముట్లూ సరిగ్గానే ఉన్నాయి.

ఇప్పుడు వేడి లెక్క. మన దగ్గర లేబుల్ మీద వేసే గ్రావిటీ 27 డిగ్రీల దగ్గరిది. ఆ పైన ప్రతి 10 డిగ్రీలకు 0.007 కలపాలి. అంటే మీ 1.190 నిజానికి 1.197. ఇన్వర్టర్ ట్యూబులర్లు మామూలుగా ఫుల్ చార్జ్‌లో 1.240 దగ్గర ఉంటాయి, మీ లేబుల్ చూసి ఖాయం చేసుకోండి. మిగతా అయిదు సెల్స్ దాదాపు 0.045 తక్కువ, ఐదో సెల్ దాదాపు 0.090 తక్కువ. ఇది చచ్చిపోయిన సెల్ కాదు, బాగా వెనకబడిన సెల్. ప్లేట్లు షార్ట్ అయిన సెల్ అయితే గ్రావిటీ 1.100 లోపలికి దిగిపోయి, మొత్తం వోల్టేజి 10.5 ప్రాంతంలో కూర్చుంటుంది.

మూడు సంగతులు చెప్పండి. ఇన్వర్టర్ వెనక ట్యూబులర్/ఫ్లాట్/ఎస్ఎంఎఫ్ (నీళ్లు పోయనక్కర్లేని సీల్డ్ రకం) స్విచ్ ఎటు ఉంది? చార్జింగ్ చివర్లో బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర ఎన్ని వోల్టులు? ఏ నీళ్లు పోస్తున్నారు, ఎప్పుడు పోశారు?

ఉదయగిరి శీను

స్విచ్ ఎస్ఎంఎఫ్ వైపు ఉంది, మొదటి నుంచీ అలాగే ఉన్నట్టుంది. చివర్లో 13.7. నీళ్లు వారం క్రితం పోశారు, ఆర్వో నీళ్లు.

కాటా

స్విచ్ అక్కడ, నీళ్లు ఇక్కడ. బ్యాటరీ పాపం ఏం చేస్తుంది.

లక్ష్మి ఈఈఈ

13.7 అంటే సెల్‌కి 2.28 వోల్టులు. నిండిన బ్యాటరీని నిండుగా నిలబెట్టడానికి అది చాలు, రోజూ ఖాళీ అయ్యే బ్యాటరీని నింపడానికి చాలదు. ప్రతి కరెంటు కోత తర్వాత కొంత సల్ఫేటు ప్లేట్ల మీదే మిగిలిపోతుంది. కొత్తగా పుట్టిన లెడ్ సల్ఫేటు సన్నటి నలకల్లా ఉంటుంది, కరెంటు తగలగానే కరిగి తిరిగి సీసంగా, యాసిడ్‌గా మారిపోతుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే ఆ నలకలు ఒకదాన్నొకటి పట్టుకుని పెద్ద పలుకులవుతాయి. పలుకు పెద్దదయ్యే కొద్దీ యాసిడ్‌కి తగిలే పైభాగం తగ్గి, కరగడం మందగిస్తుంది. సల్ఫేషన్ అంటే ఇదే.

అయితే తొందరపడి ఆ పేరు పెట్టేయకండి. గ్రావిటీ తక్కువ చూపడానికి మూడు కారణాలుంటాయి: యాసిడ్ సల్ఫేటుగా ప్లేట్లలో ఇరుక్కుపోవడం, నీళ్లు ఎక్కువై యాసిడ్ బయటికి పొంగిపోవడం, లేదా బరువైన యాసిడ్ అడుగుకి దిగి పైన పలచటిది మిగలడం. మూడోది మీకు లేదనే అనుకుంటున్నాను. అడుగున చిక్కటి యాసిడ్ పేరుకుని ఉంటే మొత్తం వోల్టేజి పై పొర గ్రావిటీ లెక్క కన్నా ఎక్కువ చూపించాలి. మీకు రెండూ సరిపోయాయి. మిగిలిన రెండిట్లో ఏదో నిదానంగా చార్జ్ చేస్తే తప్ప తేలదు.

సిద్దిపేట సోలార్

యాసిడ్ పారబోసుడు మాత్రం చేయకుండ్రి శీనన్నా. బ్యాటరీని బోర్లేస్తే అడుగున పడ్డ బురద మొత్తం లేచి ప్లేట్ల నడుమ కూసుంటది. అప్పటిదాంక మంచిగున్న సెల్ గూడ షార్టైతది. ఇంకోటి, తడిసిన నెగటివ్ ప్లేట్లకు గాలి తగిలితే వేడెక్కి ఆక్సైడ్ పడుతది. దాన్ని మల్ల సీసం చేసుడు పెద్ద పని.

కొత్త యాసిడ్ పోస్తె గ్రావిటీ లేస్తది నిజమే. హైడ్రోమీటర్ల మాత్రమే లేస్తది. ప్లేట్ల మీదున్న సల్ఫేటు అట్లనే ఉంటది.

రసాయనం

పైగా తర్వాత ఆ సల్ఫేటులో కొంచెం కరిగినా దాని యాసిడ్ కూడా కలిసి గ్రావిటీ 1.280 దాటిపోతుంది. ట్యూబులర్‌కి అది ఎక్కువ. పాజిటివ్ గ్రిడ్‌ను (ప్లేటు లోపలి సీసపు చట్రాన్ని) తినేస్తుంది. చిక్కటి యాసిడ్‌లో లెడ్ సల్ఫేటు కరిగే గుణం కూడా తగ్గుతుంది. మనకు కావలసిన దానికి సరిగ్గా ఎదురు.

బాగా గట్టిపడ్డ బ్యాటరీలకు పాత వర్క్‌షాపుల్లో వేరే పద్ధతి ఉండేది. కొంత యాసిడ్ పిచికారీతో లాగి, ఆ చోట డిస్టిల్డ్ వాటర్ పోసి, పలచటి ద్రావణంలో తక్కువ కరెంటుతో చాలాసేపు చార్జ్ చేసేవారు. సల్ఫేటు కరిగిన కొద్దీ గ్రావిటీ దానంతటదే పెరుగుతుంది. ఇక పెరగదన్నాక చివర్లో యాసిడ్ సరిచేసేవారు. శీను గారి బ్యాటరీ ఇప్పటికే 1.190 దగ్గర పలచగా ఉంది కాబట్టి లాగే పని కూడా లేదు.

గ్రావిటీ మాస్టారు

పద్ధతి ఇది. చదివి, అన్నీ సిద్ధం చేసుకున్నాకే మొదలుపెట్టండి.

కావలసినవి: వోల్టేజికీ కరెంటుకీ విడివిడిగా పరిమితి పెట్టగలిగే డీసీ సప్లై, 0 నుంచి 30 వోల్టులు, 5 ఆంప్స్. ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపుల్లో బల్ల మీద ఉండే రకమే. డిజిటల్ మీటరు, గాజు హైడ్రోమీటరు, యాసిడ్ తట్టుకునే థర్మామీటరు, అయిదు లీటర్ల బ్యాటరీ వాటర్, అర కిలో వంట సోడా, కళ్లద్దాలు, రబ్బరు చేతొడుగులు.

బ్యాటరీని ఇన్వర్టర్ నుంచి పూర్తిగా విడదీయండి. ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్. ఇది మర్చిపోతే మనం ఇచ్చే 16 వోల్టులకు ఇన్వర్టర్ బోర్డు పోతుంది. పై మూత సోడా నీళ్ల గుడ్డతో తుడవండి, సోడా చుక్క కూడా సెల్ లోపల పడకూడదు. గీత దాటి ఉన్న ద్రావణాన్ని హైడ్రోమీటరుతో పీల్చి గాజు సీసాలో దాచండి, ఏ సెల్‌ది ఆ సెల్‌కే. ప్లేట్లు మునిగి ఉంటే ఇప్పుడు నీళ్లు పోయకండి, చార్జింగ్‌లో మట్టం పెరుగుతుంది.

సప్లైని 16.0 వోల్టులకు, 3 ఆంప్స్‌కి పెట్టండి. 150 ఏహెచ్‌లో 2 శాతం అది. తీగలు తగిలించాకే సప్లై ఆన్ చేయాలి, ఆపాకే తీగలు తీయాలి. ఉల్టా చేస్తే నిప్పురవ్వ ఎగిరేది సరిగ్గా హైడ్రోజన్ ఉన్న చోటే.

మొదటి గంటలో వోల్టేజి ఎలా నడుస్తుందో రాసుకోండి. 3 ఆంప్స్‌కే వెంటనే 15 దాటిపోయి, కొన్ని గంటల తర్వాత కిందికి దిగి, మళ్లీ నెమ్మదిగా ఎక్కితే అది గట్టి సల్ఫేటు లక్షణం. మొదట్లో పలుకులు కరెంటును తీసుకోవు, కొంత కరిగాక దారి ఇస్తాయి. ఆ తర్వాత నాలుగు గంటలకోసారి వోల్టేజి, గ్రావిటీ, వేడి చూడండి. 45 డిగ్రీలు దాటితే కరెంటు సగానికి తగ్గించండి, 50 దగ్గర ఆపేయండి. ఎండాకాలం అయితే సాయంత్రం మొదలుపెట్టడం మేలు.

ఎప్పుడు ఆపాలి? గడియారం చూసి కాదు. వోల్టేజి 15.5 పైకి వెళ్లి, అన్ని సెల్స్ సమంగా బుడగలు వేస్తూ, గంటకోసారి చూసిన గ్రావిటీ వరుసగా మూడు సార్లు మారకపోతే అయిపోయినట్టు. రెండు రోజులు పట్టవచ్చు, మూడూ పట్టవచ్చు.

సల్ఫేటా, యాసిడ్ పొంగిపోయిందా అన్న లక్ష్మి గారి సందేహానికి జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. వోల్టేజి 15.5 దాటాక కూడా గ్రావిటీ మెల్లగా పెరుగుతూనే ఉంటే సల్ఫేటు కరుగుతోంది, వదలకండి. వోల్టేజి పైనే ఉండి గ్రావిటీ తక్కువ దగ్గరే బిగుసుకుపోతే యాసిడ్ ఎప్పుడో బయటికి పోయింది.

వేదిక నిర్వాహకులు

ఈ చార్జింగ్ పడకగదిలో, పూజగదిలో, గ్యాస్ సిలిండర్ పక్కన వద్దు. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే రవ్వ చాలు. మూతలు బిగించకుండా వాటి స్థానంలో ఊరికే ఆనించి పెట్టండి, గాలి పోతుంది, తుంపర పైకి చిమ్మదు. యాసిడ్ కంట్లో పడితే మంచినీటి ధార కింద కనీసం 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. కంట్లో సోడా వేయకూడదు.

కాటా

ఎప్సమ్ సాల్ట్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? వీడియోల్లో అందరూ గుప్పెడు వేసి బ్యాటరీని లేపేస్తున్నారుగా.

రసాయనం

ఎత్తకపోతే బాగుండేది, ఎత్తారు కాబట్టి.

ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేటు. ద్రావణంలో సల్ఫేటు అయాన్లు పెంచుతుంది. అవి పెరిగితే లెడ్ సల్ఫేటు ఇంకా తక్కువగా కరుగుతుంది, ఎక్కువగా కాదు. ద్రావణం బరువెక్కుతుంది కాబట్టి హైడ్రోమీటరు ఎక్కువ చూపిస్తుంది, మనిషి సంతోషిస్తాడు. పలచటి ద్రావణంలో అయాన్లు పెరగడం వల్ల మొదట్లో వాహకత కొంచెం మెరుగై, ఒకటి రెండు సార్లు బాగా పనిచేసినట్టు అనిపించవచ్చు. సామర్థ్యం తిరిగి రాదు.

ఈ గొడవ కొత్తది కూడా కాదు. అమెరికాలో ఏడీ-ఎక్స్2 అనే పొడి అమ్మేవారు, సోడియం, మెగ్నీషియం సల్ఫేట్లే అందులో ఉండేవి. అక్కడి నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ పరీక్షించి ప్రయోజనం లేదని తేల్చింది. వ్యవహారం ఎంత ముదిరిందంటే 1953లో ఆ సంస్థ డైరెక్టర్ అలెన్ ఆస్టిన్‌ను వాణిజ్య మంత్రి పదవిలోంచి తప్పించాడు, శాస్త్రవేత్తలు తిరగబడితే మళ్లీ తీసుకున్నారు. నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కమిటీ కూడా బ్యూరో పరీక్షలనే సమర్థించింది.

లక్ష్మి ఈఈఈ

చిన్న సవరణ. సీల్డ్ బ్యాటరీల్లో తయారీదారులే ఒక శాతం దాకా సోడియం సల్ఫేటు కలుపుతారు. పూర్తిగా ఖాళీ అయినప్పుడు యాసిడ్ దాదాపు నీరైపోయి, అందులో కరిగిన సీసం చార్జింగ్‌లో సెపరేటర్ (ప్లేట్ల మధ్య అడ్డు పొర) గుండా సూదుల్లా పెరిగి షార్ట్ చేయకుండా ఉండటానికి. అది నివారణ కోసం. గట్టిపడ్డ సల్ఫేటుకు మందు కాదు. ఈ రెంటినీ కలిపేసి ప్రచారం చేస్తున్నారు.

ఈడీటీఏ అనే రసాయనం గురించీ అడుగుతారు కాబట్టి: అది సీసాన్ని పట్టుకుని కరిగించగలదు, నిజమే, కానీ ఏ సీసం అన్నది చూడదు. పాజిటివ్ ప్లేటులోని పనికొచ్చే పదార్థాన్ని కూడా లాగేస్తుంది.

సిద్దిపేట సోలార్

నీళ్ల ముచ్చట గూడ చెప్పుండ్రి. మా దిక్కు అందరు ఆర్వో నీళ్లే పోస్తరు, లేకుంటె ఏసీ నుంచి కారే నీళ్లు.

రసాయనం

ఆర్వో నీళ్లలో ఉప్పులు తగ్గుతాయి, పోవు. తాగే ఆర్వోలో టీడీఎస్ (లీటరులో కరిగిన ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) 30 నుంచి 100 దాకా కావాలనే ఉంచుతారు. బ్యాటరీలో నీరు ఆవిరై, గ్యాసై పోతుంది, ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. ప్రతిసారీ పోసిన కొద్దీ పోగవుతుంది. క్లోరైడ్ పాజిటివ్ గ్రిడ్‌ను తింటుంది. ఇనుము ఉంటే పాజిటివ్‌కీ నెగటివ్‌కీ మధ్య తిరుగుతూ బ్యాటరీని ఊరికే ఖాళీ చేస్తుంది. ఏసీ నీళ్లు చూడ్డానికి స్వచ్ఛం, కానీ రాగి గొట్టాల మీదుగా, దుమ్ము పట్టిన రెక్కల మీదుగా వస్తాయి. రాగి కూడా బ్యాటరీని ఊరికే ఖాళీ చేసేదే. కొనేటప్పుడు సీసా మీద ఐఎస్ 1069 ఉందేమో చూడండి, బ్యాటరీ నీళ్లకు భారతీయ ప్రమాణం అదే.

ఇప్పటికే పోసిన ఆర్వోని బయటికి తీసే సులువు లేదు. ఇకమీదట ఆపడమే.

ఉదయగిరి శీను

మాస్టారు చెప్పినట్టే చేశాం. 3 ఆంప్స్ పెట్టగానే 15.2కి పోయి, ఆరు గంటలకు 14.3కి దిగింది. తర్వాత మెల్లగా ఎక్కి రెండో రోజు రాత్రికి 15.8 దగ్గర నిలబడింది. 41 డిగ్రీల వేడిలో గ్రావిటీ: 1.225, 1.230, 1.220, 1.230, 1.200, 1.225. గంట గంటకూ చూసినా అంతే. ఐదోది మాత్రం ఇంకా కొద్దిగా కదులుతోంది. మట్టం కొంచెం తగ్గింది.

గ్రావిటీ మాస్టారు

వేడి సవరణ 0.010 కలిపితే అయిదు సెల్స్ 1.230 నుంచి 1.240 మధ్య. ఫుల్ అయినట్టే. ఐదోది 1.210. వోల్టేజి దిగి మళ్లీ ఎక్కింది చూశారా, సల్ఫేషన్ అన్న మాట ఖాయం. యాసిడ్ పెద్దగా పోలేదు.

ఐదో దాని కోసం కరెంటు 1.5 ఆంప్స్‌కి తగ్గించి ఇంకో 12 గంటలు ఇవ్వండి. మిగతావాటికి అది అదనపు చార్జే, కానీ ఇంత తక్కువ కరెంటులో నీళ్లు పోవడం తప్ప నష్టం ఉండదు. పూర్తిగా నిండాక వెళ్లే ప్రతి ఏహెచ్‌కీ సెల్‌కు మూడోవంతు మిల్లీలీటరు నీరు విడిపోతుంది. 18 ఏహెచ్‌కి సెల్‌కు 6 మిల్లీలీటర్లు. అంతే.

అది అయ్యాక గీత దాకా డిస్టిల్డ్ వాటర్ పోసి, అదే 1.5 ఆంప్స్ మీద గంటసేపు బుడగలతో కలవనిచ్చి, ఆపి, రాత్రంతా వదిలి మళ్లీ ఆరు సెల్స్ కొలవండి. దాచిన ద్రావణం ఉంటే నీళ్లకు బదులు ముందు అదే పోయండి, అందులో యాసిడ్ ఉంది.

ఉదయగిరి శీను

ఐదోది 1.210 దాటి రాకపోతే అందులో ఒక్కదాన్లో యాసిడ్ కలపొచ్చా?

గ్రావిటీ మాస్టారు

నిజంగా ఆగిపోయిందని తేలాక మాత్రమే, అదీ లెక్కతో. ఉదాహరణకు సెల్‌లో 2.8 లీటర్ల ద్రావణం ఉందనుకోండి (మోడల్‌ని బట్టి మారుతుంది, లేబుల్ మీద మొత్తం లీటర్లు ఉంటే ఆరుతో భాగించండి). 1.210 నుంచి 1.235కి తేవాలి. మీ దగ్గర 1.400 యాసిడ్ ఉంటే: 2.8 గుణకారం 0.025, భాగహారం 0.190. దాదాపు 370 మిల్లీలీటర్లు. అంత ద్రావణం తీసి అంత యాసిడ్ పోయాలి. ఒకేసారి వద్దు. సగం మార్చి, గంట చార్జ్‌లో కలవనిచ్చి, కొలిచి, అప్పుడు మిగతాది. షాపుల్లో మామూలుగా ఇచ్చే 1.250 యాసిడ్‌తో ఈ పని కాదు, సెల్‌లో సగానికి పైగా మార్చాల్సి వస్తుంది.

గాఢ యాసిడ్ తెచ్చి మీరే పలచన చేయాలనుకుంటే నీళ్లలోకే యాసిడ్, సన్నగా, కలుపుతూ. యాసిడ్‌లోకి నీళ్లు పోస్తే మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. నా మాట వింటే 1.210 దగ్గర వదిలేయండి. వెనకబడిన సెల్ వెనకబడి ఉన్నా పనిచేస్తుంది, మూడు నెలలకోసారి ఈక్వలైజ్ చేస్తే (సెల్స్ అన్నీ సమం అయ్యేలా ఇలాగే తక్కువ కరెంటుతో అదనపు చార్జ్ ఇస్తే) దగ్గరికి వస్తుంది.

కాటా

తీసిన 370 మిల్లీలీటర్లు ఎక్కడ పొయ్యాలో కూడా చెప్పండి, కాలువలోకే పోతుంది లేకపోతే.

రసాయనం

1.200 గ్రావిటీ యాసిడ్ ఒక లీటరులో సుమారు 330 గ్రాముల సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటుంది. దాన్ని పూర్తిగా చల్లార్చడానికి వంట సోడా 570 గ్రాములు, లేదా తడి సున్నం పొడి 250 గ్రాములు కావాలి. కొద్దికొద్దిగా వేయాలి, సోడా అయితే బాగా పొంగుతుంది. చల్లార్చినా అందులో సీసం ఉంటుంది. కాబట్టి నేల మీద ఒలికిన దానికే ఈ లెక్క. సీసాలో ఉన్నది మూత బిగించి బ్యాటరీ డీలరుకు ఇవ్వడమే దారి.

లక్ష్మి ఈఈఈ

గ్రావిటీ వచ్చింది కాబట్టి బ్యాటరీ వచ్చింది అనుకోవద్దు. ప్లేట్ల నుంచి పదార్థం రాలిపోయి ఉంటే మిగిలిన కాస్తా ఫుల్ అయి గ్రావిటీ చక్కగా చూపిస్తుంది, సామర్థ్యం మాత్రం ఉండదు. కాపాసిటీ టెస్ట్ చేయాలి.

150 ఏహెచ్ అని రాసింది సీ20 లెక్క: 7.5 ఆంప్స్ చొప్పున 20 గంటలు, 10.5 వోల్టుల దాకా. దానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. కార్లకు పెట్టే 100/90 వాట్ల హాలోజన్ బల్బు తెచ్చి 90 వాట్ల తీగకు కలపండి, 12 వోల్టుల దగ్గర 7.5 ఆంప్స్ లాగుతుంది. బల్బు బాగా కాలుతుంది, ప్లాస్టిక్ మీద పెట్టకండి, గాజును వేళ్లతో తాకకండి. గంటకోసారి వోల్టేజి రాయండి. 11.5 దిగాక పావుగంటకోసారి, ఎందుకంటే చివర్లో జారుడు వేగంగా ఉంటుంది. 10.5 రాగానే తీసేసి, ఆలస్యం లేకుండా చార్జ్‌కి పెట్టండి. ఖాళీగా ఒక రాత్రి ఉంచినా మళ్లీ మొదటికే వస్తుంది.

వచ్చిన గంటల్ని 7.5తో గుణిస్తే ఏహెచ్. 100 పైన వస్తే వాడుకోవచ్చు. 75 లోపు వస్తే ఇంకొక్కసారి చార్జ్, డిశ్చార్జ్ చేసి చూడండి, రెండోసారి పెరగకపోతే ప్లేట్లు అరిగిపోయినట్టే. టెస్ట్ చివరి గంటలో ఏదైనా సెల్‌లో బుడగలు కనిపిస్తే ఆ సెల్ ముందే ఖాళీ అయి దాని ప్లస్, మైనస్ తారుమారవుతున్నాయని అర్థం, అక్కడే ఆపాలి.

ఇంకో మాట: మీరు చెప్పిన లోడు దాదాపు 200 వాట్లు. ఇన్వర్టర్ నష్టంతో కలిపి బ్యాటరీ మీద 20 ఆంప్స్. అంత వేగంగా లాగితే కొత్త 150 ఏహెచ్ కూడా ఏడున్నర గంటలు ఇవ్వదు, అయిదారు గంటలు ఇస్తుంది. దాంతో పోల్చుకోండి.

సిద్దిపేట సోలార్

ఇగ ఎప్పుడు ఆశ వదులుకోవాల్నో గూడ చెప్తే మంచిది. నా లెక్కల ఇవి:

యాసిడ్ గోధుమ రంగు, నల్లగ అయితే పాజిటివ్ మొత్తం రాలుతున్నట్టు. పాజిటివ్ పోస్టు మూత కెల్లి పైకి లేస్తే గ్రిడ్ ఉబ్బింది. ఫుల్ చేసి ఒక దినం ఊరికె పెడితే ఒక్క సెల్ మాత్రమే 0.030 కన్న ఎక్కువ పడిపోతె లోపల షార్ట్ ఉన్నది. చార్జింగ్‌ల అన్నిటి కన్న ముందు ఒక్క సెల్ వేడెక్కి, దాంట్ల బుడగలు రాకపోతె అది గూడ షార్టే. వీటికి ఏ చార్జరు, ఏ పల్స్ మిషిను పనిచెయ్యది.

మల్లన్న ట్రాక్టర్స్

నడుమల వస్తున్న, మన్నించుండ్రి. ట్రాక్టరు బ్యాటరీ 80 ఏహెచ్, సీజన్ అయినంక నెలల కొద్ది నిలబడి ఉంటది. షాపుల బూస్ట్ చార్జింగ్ చేపిస్తె రెండు మూడు సార్లకే అయిపోతున్నది. ఎట్ల?

గ్రావిటీ మాస్టారు

షాపుల్లో చాలాచోట్ల పది బ్యాటరీలు వరసగా కలిపి ఒకే చార్జరుకు వేస్తారు. వరసలో అన్నిటికీ ఒకే కరెంటు పోతుంది. 150 ఏహెచ్‌కి సరిపోయే 10 ఆంప్స్ పక్కనే ఉన్న 35 ఏహెచ్ కారు బ్యాటరీని ఉడికించేస్తుంది. మీ 80 ఏహెచ్‌కి 4 ఆంప్స్, 14 నుంచి 16 గంటలు, విడిగా. అలా చేస్తారా అని అడగండి, లేకపోతే ఇంట్లోనే చిన్న చార్జరు పెట్టుకోండి.

నిలబెట్టే ముందు ఫుల్ చార్జ్ చేసి నెగటివ్ తీగ విప్పేయండి. పైన తడి, మట్టి ఉంటే సోడా నీళ్లతో తుడిచి ఆరబెట్టండి. ఆ తడి మీదుగానే కరెంటు కారుతుంటుంది. ఆరు వారాలకోసారి వోల్టేజి చూసి 12.4 కిందికి దిగితే చార్జ్. ఎండాకాలం షెడ్డులో నెలకోసారి చూడాలి, వేడికి అదంతట అది ఖాళీ అవడం పెరుగుతుంది. స్టార్టు కొట్టేటప్పుడు టెర్మినల్స్ దగ్గర 9.6 కన్నా దిగకపోతే బ్యాటరీ బాగున్నట్టే, తప్పు తీగల్లోనో మోటారులోనో వెతకండి. టెర్మినల్ మీద నీలం రంగు బూజు రాగి సల్ఫేటు. గోరువెచ్చని సోడా నీళ్లతో కడిగి, బిగించి, ఆ పైన వాసెలిన్ రాయండి. బిగించక ముందు రాయకండి.

ఉదయగిరి శీను

కంప్యూటర్ యూపీఎస్‌లో ఉండే చిన్న 12 వోల్టుల 7 ఏహెచ్ సీల్డ్‌కి కూడా ఇదే పద్ధతా?

లక్ష్మి ఈఈఈ

కాదు! వాటికి 16 వోల్టులతో ఈక్వలైజ్ చేస్తే ఉన్న కాస్త తేమా పోతుంది. అవి ఎక్కువగా ఎండిపోయి చస్తాయి. పై పట్టీ ఊడదీస్తే ఆరు రబ్బరు టోపీలు కనిపిస్తాయి. ఒక్కో సెల్‌కి సిరంజితో 3 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, గంట ఆగాక పైన నీరు నిలబడి ఉంటే తిరిగి పీల్చేయాలి. ప్లేట్ల మధ్య ఉండే గాజు దూది తడవాలి, తేలకూడదు. టోపీలు పెట్టి, పట్టీ మీద గాలి పోయేలా టేపు వేసి, 13.8 వోల్టులు, 0.7 ఆంప్స్ పరిమితితో ఒక రోజు. వోల్టేజి 5, 6కి పడిపోయిన వాటికి మొదట్లో కరెంటు ఏమాత్రం ఎక్కదు. అప్పుడు 15 వోల్టులు, 0.3 ఆంప్స్ పరిమితి పెట్టి పక్కనే ఉండి చూడాలి, కరెంటు ఎక్కడం మొదలవగానే 13.8కి దించాలి. డబ్బా ఉబ్బి ఉంటే ఏమీ చేయకుండా ఇచ్చేయండి. లేచినా కొన్ని నెలల మాటే. వైద్య పరికరాలకు, లిఫ్టు అలారానికి ఇలాంటివి పెట్టొద్దు.

కాటా

ఇచ్చేయడం అంటే డీలరుకు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే. గల్లీలో కొని వెనక పెరట్లో సీసం కరిగించేవాళ్లకు పది రూపాయలు ఎక్కువొస్తాయని వేయకండి, ఆ పొగ పక్కింటి పిల్లల ఒంట్లోకి పోతుంది. అమ్మేటప్పుడు యాసిడ్‌తో సహా తూకం వేయించండి. యాసిడ్ వంచేసి తెమ్మనేవాడి దగ్గరికి వెళ్లకండి.

ఉదయగిరి శీను

కాపాసిటీ టెస్ట్ అయింది. 7.5 ఆంప్స్ మీద 14 గంటలు, అంటే 105. ఐదో సెల్‌లో బుడగలు రాలేదు. స్విచ్ ట్యూబులర్ వైపు మార్చాక చార్జింగ్ చివర్లో 14.3 చూపిస్తోంది. ఇక నీళ్లు ఎప్పుడు, ఎంత?

గ్రావిటీ మాస్టారు

నాలుగేళ్లు చిన్నచూపు చూసిన బ్యాటరీకి 105 మంచి సంఖ్యే. ట్యూబులర్ మోడ్‌లో ఇదివరకటి కన్నా నీళ్లు ఎక్కువ తాగుతుంది, కంగారు పడకండి. మొదట నెలకోసారి చూసి, ఎంత తగ్గుతోందో తెలిశాక వ్యవధి పెంచుకోండి. ఎప్పుడూ ఫుల్ చార్జ్ అయ్యాకే పోయాలి, పై గీతకు అర అంగుళం కింద ఆపాలి. నీటి మట్టం చూపడానికి మూతల మీద తేలే రంగు బొడిపెల్ని నమ్మకండి, అవి దుమ్ముకి బిగుసుకుపోతాయి. మూత తీసి టార్చి వేసి చూడటమే. మూడు నెలలకోసారి ఆరు గ్రావిటీలు రాయండి, ఎక్కువ తక్కువల తేడా 0.030 దాటితే విడదీసి 3 ఆంప్స్ ఈక్వలైజ్.

సిద్దిపేట సోలార్

బ్యాటరీని గోడకు ఆనించి పెట్టకుండ్రి, నాలుగు దిక్కుల మూడు నాలుగు వేళ్ల జాగ ఉంచుండ్రి. ఎండ పడే బాల్కనీల ఉంటె లోపలికి జరుపుండ్రి. వేడి 10 డిగ్రీలు పెరిగితె ఆయుష్షు సగం అయితదని మోటు లెక్క.

ఉదయగిరి శీను

ఇప్పుడు మెట్ల కింద ఉంది, పక్కనే నీళ్ల మోటారు. జరుపుతాం. ఐదో సెల్ ఇవాళ 1.215.